అనంతస్పర్శరేఖలు: సూత్రం కాదు, అవధిని పట్టుకోండి

కొంపల్లిలో ఇంటర్ చదివేవారికి మంచి గమ్యాలు దగ్గర్లోనే ఉన్నాయి. శామీర్‌పేట సమీపంలో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఒకటి. తుర్కపల్లి వైపు భారత్ బయోటెక్ లాంటి టీకా సంస్థలున్న జీనోమ్ వ్యాలీ ఇంకొకటి. ఈ రెండు దారుల్లోనూ అక్కరకొచ్చే పాఠం అవధులు. వాటిపై పట్టు ఎంతుందో అనంతస్పర్శరేఖల (గ్రాఫ్ దూరంగా సాగేకొద్దీ సమీపించే సరళరేఖల) లెక్క తేల్చేస్తుంది.

ఒక లెక్క, రెండు ప్రశ్నలు

(2ఎక్స్² − 8) / (ఎక్స్² − ఎక్స్ − 2) అనే ప్రమేయం తీసుకోండి. మొదటి ప్రశ్న: నిలువు అనంతస్పర్శరేఖలు ఎక్కడ? హారం సున్నా అయ్యేది ఎక్స్ = 2, ఎక్స్ = −1 దగ్గర. చాలామంది రెండుచోట్లా నిలువు రేఖ గీసేస్తారు. అక్కడే మార్కు పోతుంది. లవంలోనూ (ఎక్స్ − 2) కారణాంకం ఉంది కాబట్టి 2 దగ్గర అవధి 8/3. అక్కడ గ్రాఫ్‌లో ఒక బిందువు లోపిస్తుందే తప్ప రేఖ ఉండదు. −1 దగ్గర మాత్రం విలువ కుడి నుంచి ధనానంతానికి, ఎడమ నుంచి రుణానంతానికి పోతుంది. నిలువు అనంతస్పర్శరేఖ అదొక్కటే.

రెండో ప్రశ్న: ఎక్స్ అనంతానికి పోతే? లవహారాలను ఎక్స్²తో భాగిస్తే అవధి 2. కాబట్టి వై = 2 క్షితిజ సమాంతర రేఖ. రుణానంతం వైపు కూడా విడిగా చూడండి, అక్కడ అవధి వేరు కావొచ్చు. ఉదాహరణకు ఎక్స్ / √(ఎక్స్² + 1)కి ఒకవైపు 1, మరోవైపు −1 వస్తాయి.

ల్యాబ్‌లో ఇదే గ్రాఫ్

ఎంజైమ్ చర్యా వేగానికి మైకేలిస్, మెంటెన్ 1913లో ఇచ్చిన సమీకరణం చూడండి. ఎంజైమ్ పనిచేసే పదార్థం (సబ్‌స్ట్రేట్) గాఢత పెంచేకొద్దీ వేగం ఒక గరిష్ఠ విలువను సమీపిస్తుంది, దాన్ని దాటదు. ఆ గరిష్ఠమే క్షితిజ సమాంతర అనంతస్పర్శరేఖ. బయోటెక్నాలజీ, ఫార్మసీ చదివేవారికి ఇది రోజువారీ పని. బైపీసీ నుంచి బి.ఫార్మసీకి వెళ్లేవారి మొదటి సెమిస్టర్‌లోని రెమెడియల్ మ్యాథమెటిక్స్‌లోనూ అవధులున్నాయి. బైపీసీ వాళ్లూ భయపడకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

ప్రిపరేషన్ ఇలా

• ముందు కారణాంకాలు విడదీసి ఉమ్మడివి కొట్టేయండి, తర్వాతే హారాన్ని సున్నా చేయండి.
• కుడి, ఎడమ అవధులు రెండూ రాయండి.
• బహుపదుల నిష్పత్తిలో లవం ఘాతం తక్కువైతే వై = 0; సమానమైతే ప్రధాన గుణకాల నిష్పత్తి; ఎక్కువైతే క్షితిజ సమాంతర రేఖ లేదు.
• ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నల్లో గణితానివి 80. తప్పుకు కోత లేదు. బిట్స్ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది. అక్కడ ఊహించి గుర్తించడం కంటే అవధి తీసి చూసుకోవడమే మేలు.

ప్రతి లెక్కకూ గ్రాఫ్ గీయండి. పరీక్షలో వేగాన్నీ, ఉద్యోగంలో నమ్మకాన్నీ ఇచ్చేది ఆ అలవాటే.