బాట కూడా ఔషధమే: దాని ఫలాన్ని గణించే విధానం

నూజివీడు ప్రాంతంలో మధుమేహ రోగులకు నేను మందుతోపాటు నడకనూ విధిస్తుంటాను. ఒక మామిడి కోతల కాలంలో ఒక పెద్దావిడ వేసిన ప్రశ్న ఇప్పటికీ మరువలేను: "నడవమన్నారు, బాగానే ఉంది డాక్టరు గారూ. ఎక్కడ నడవను? రోడ్డెక్కితే కాయల లారీలు, దిగితే ముళ్లకంపలు!"

సుశ్రుతాచార్యులు ప్రమేహరోగికి నూరు యోజనాల నడకను చికిత్సగా చెప్పారు. వ్యాయామం బలంలో సగానికి మించరాదని హెచ్చరించినదీ ఆయనే. అయితే నడవడానికి బాట లేనప్పుడు వైద్యుని మాట వ్యర్థమే కదా!

ఆధునికులు ఈ విషయాన్ని అంకెలతో పరిశీలించారు. లండన్‌లో కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకంటె, మేడబస్సుల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో మోరిస్ బృందం ప్రకటించింది. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం నడక, సైకిలు వల్ల కలిగే లాభాన్ని గణించే 'హీట్' అనే సాధనాన్ని రూపొందించింది. దాని ప్రకారం వారానికి 168 నిమిషాలు, అనగా రోజుకు 24 నిమిషాలు నడిచేవారికి మరణభయం సుమారు 11 శాతం తక్కువ. వారానికి 100 నిమిషాలు సైకిలు తొక్కేవారికి సుమారు 10 శాతం తక్కువ.

ఉదాహరణకు, ఒక ఊరిలో బాట వేసిన తరువాత వెయ్యిమంది పెద్దలు కొత్తగా రోజుకు 24 నిమిషాలు నడుస్తున్నారనుకుందాం. వారిలో ఏటా 9 మరణాలు సంభవించేవనుకుంటే, అందులో 11 శాతం, అనగా ఏటా దాదాపు ఒక ప్రాణం నిలుస్తుంది.

ఈ గణనలో నాలుగు జాగ్రత్తలు అవసరం.

1. కొత్తగా నడిచేవారినే లెక్కించాలి. తోటల్లో ఇదివరకే రోజంతా నడిచే కూలీలను చేర్చరాదు.

2. నడక ఎంత పెరిగినా నడకకు 30 శాతం, సైకిలుకు 45 శాతం దాటి ఫలాన్ని ఈ సాధనం లెక్కించదు.

3. ప్రమాదాలు, పొగ వల్ల కలిగే నష్టాన్ని తీసివేయాలి.

4. అంటుమామిడి నాటిన ఏడాదే కాపు నివ్వదు. అట్లే ఈ ఫలం పూర్తిగా అందడానికి 5 సంవత్సరాలు పడుతుందని ఈ సాధనం భావిస్తుంది.

పాఠకులు ఒక పని చేయవచ్చు. ఉదయం ఒక గంటసేపు వీధి మొగలో నిలిచి, నడిచేవారినీ సైకిళ్లనూ లెక్కించి వ్రాసుకోండి. ఆ అంకెలతో పంచాయతీకో, పురపాలక సంఘానికో బాట కోరుతూ అర్జీ పెట్టండి. బాట వేసిన తరువాత మరల లెక్కించండి.

గ్రీష్మంలో శాస్త్రం అల్ప వ్యాయామమే చెప్పింది గనుక, ఎండ ముదరకముందే మెల్లగా నడవండి. మధుమేహానికి మందులు వాడేవారు, హృద్రోగులు తమ వైద్యుని సంప్రదించి నడక ప్రారంభించడం శ్రేయస్కరం.