వానలకు ముందే పాఠశాల చేసికొనవలసిన సన్నాహము

వేసవి సెలవుల పిమ్మట బడులు తెరచుటయు, తొలకరి వానలు పడుటయు మన ప్రాంతములలో ఇంచుమించు ఒకే పక్షమున జరుగును. పిల్లలు క్రొత్త పుస్తకములతో బడికి వచ్చు ఆ దినములలోనే పొంగిన మురుగుకాలువల నీరు బావులలోనికిని, పగిలిన మంచినీటి గొట్టములలోనికిని చేరుచుండును. పల్లెలలో వాంతులు, విరేచనములు తలయెత్తు కాలమిది. తెలంగాణమున గత్తర యనియు, ఇతర చోట్ల విశూచి యనియు పెద్దలు భయముతో చెప్పుకొనిన కలరా ఈ కోవలోనిదే. ఆనాటివలె ఊళ్లకు ఊళ్లు ఖాళీయగుట నేడు లేదు. అయినను ఒక బిడ్డ శరీరములోని నీరు కొన్ని గంటలలో హరించిపోయినచో ప్రాణమునకే ముప్పు. వ్యాధి వచ్చిన పిమ్మట చేయవలసినది వైద్యులు చెప్పుదురు. అది రాకముందు పాఠశాల సిద్ధపరచుకొనవలసిన వానిని గూర్చి ఇచ్చట విచారింతము.

మొదటిది హాజరు పట్టీ. ఊరిలోని ప్రతి బిడ్డను ప్రతిదినము పేరుపెట్టి పిలిచి, ఉన్నాడో లేడో వ్రాసికొను చోటు పాఠశాల యొక్కటియే. కావున ఊరిలో వ్యాధి ప్రవేశించిన వార్త తరచుగా అందరికంటె ముందు ఆ పట్టీలోనే కనబడును. చూడవలెనన్న తలంపు మాత్రము ఉండవలెను. మేము కొన్నేండ్ల క్రిందట దర్శించిన యొక గ్రామమున ఒక సోమవారము ఐదుగురు పిల్లలు బడికి రాలేదు. జ్యేష్ఠమాసపు ముహూర్తములు గనుక పెండ్లికి పోయియుందురని అందరును తలచిరి. బుధవారమునకుగాని అసలు సంగతి తెలియలేదు. ఐదుగురును ఒకే వీధికుళాయి నీరు త్రాగినవారు. వారందరును కోలుకొనిరి. కాని ఆ రెండు దినములలో ఆ కుళాయి నీరు ఇంకను ఎందరి ఇండ్లకు చేరెనో! ఉపాధ్యాయులను నిందించుటకు దీనిని చెప్పుటలేదు. ఎవరు అడుగవలెనో ముందుగా నిర్ణయించియుండలేదు, అంతియే లోపము.

లండను నగరమున 1854లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు చేసినదియు ఇట్టి పరిశీలనయే. చనిపోయినవారి ఇండ్లను గుర్తించుచు పోగా అవి బ్రాడ్ స్ట్రీటులోని ఒక చేతిపంపు చుట్టును గుమిగూడియున్నట్లు తేలినది. ఆ పంపు పిడిని తీసివేయించిరి. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ కలకత్తాలో వేరుచేసి చూపినది ముప్పదియేండ్ల తరువాత, 1884లో. క్రిమిని చూడకయే, ఎవరు ఎచ్చటి నీరు త్రాగిరో విచారించినందుననే ఆ వైద్యునికి దారి దొరకినది. ఈ విచారణ మన ఉపాధ్యాయులకును అసాధ్యము కాదు.

కావున బడికి రాని పిల్లల సంగతి ఆ ఉదయమే కనుగొనవలెను. ప్రక్కయింటి పిల్లవానిని అడిగిన చాలును, లేదా ఫోను చేయవచ్చును. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనములని తెలిసినచో ఆ దినమే ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పవలెను. వారి ఫోను సంఖ్యలును, 108 అను అంకెయు గోడపై పెద్ద అక్షరములతో వ్రాసియుంచవలెను. ప్రధానోపాధ్యాయులు సెలవులో నున్నచో ఈ పని ఎవరిదో అదియు నిర్ణయింపవలెను. ఇట్టి వార్తలను జిల్లాలనుండి సేకరించుటకే మన దేశమున 2004లో సమీకృత వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమము ప్రారంభమైనది. అయితే పల్లెనుండి మాట వెళ్లనిదే జిల్లాకు ఏమి తెలియును?

రెండవది నీరు. ఊరి ట్యాంకులో క్లోరిను కలుపుట పంచాయతీవారి పని. కలిపిరో లేదో అడుగుట మన పని. పాఠశాలకు బావి యున్నచో లెక్క మనమే కట్టుకొనవచ్చును. పై తరగతుల పిల్లలకు ఇది మంచి గణితపాఠము. బావి వ్యాసము 2 మీటరులు, నీటి లోతు 4 మీటరులు అనుకొందము. వ్యాసమును వ్యాసముతో గుణించి, లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4తో భాగింపగా 12.56 ఘనపు మీటరులు, అనగా 12,560 లీటరులు. వేయి లీటరులకు మంచి బ్లీచింగు పొడి సుమారు రెండున్నర గ్రాములు. మొత్తము 31 గ్రాములకు కొంచెము పైన.

పొడిని నేరుగా బావిలో చల్లుట పలుచోట్ల చూచితిమి. అది సరికాదు. బాల్చీలో కొద్ది నీటితో ముద్దగా కలిపి, ముప్పాతిక వరకు నీరు పోసి త్రిప్పి, పది నిమిషములు ఉంచవలెను. సున్నము అడుగున దిగును. పైతేటను బొక్కెనలోనికి వంచి, దానిని బావినీటిలోనికి దింపి, పైకి క్రిందికి అనేకమారులు ఆడింపవలెను. ఒక గంట గడచువరకు ఆ నీరు తోడరాదు. పిమ్మట ఆరోగ్య సిబ్బంది పరీక్షించినప్పుడు లీటరునకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. లేనిచో మరల కలుపవలెను. లెక్క పిల్లలది, పొడి ముట్టుట పెద్దలది. మూతలేని డబ్బాలో చెమ్మగిలిన పొడికి బలముండదు.

మూడవది, మా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది, ఓ.ఆర్.ఎస్. పొట్లము. విరేచనములగు బిడ్డకు నీరిచ్చిన రోగము హెచ్చునని దాహమని ఏడ్చుచున్నను ఇయ్యని తల్లులు నేటికిని కలరు. వారిది ప్రేమలేమి కాదు. ఎవరును కన్నులార చూపలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బన్‌గావ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలి, నరములకెక్కించు సెలైను చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాలలో నింపి రోగుల బంధువులచేతనే త్రాగింపజేసిరి. నూటికి ముప్పదివరకు నుండిన మరణములు నాలుగుకంటె తక్కువకు దిగినవి. త్రాగించినవారిలో పలువురు ఏ వైద్యశిక్షణయు లేనివారని గమనింపవలెను.

కావున జూన్ మాసముననే తల్లిదండ్రులను పిలిచి, పిల్లలచేతనే ఆ నీటిని కలిపింపవలెను. లీటరు పొట్లమును లీటరు మంచినీటిలో ఒక్కమారే పూర్తిగా కలుపవలెను. గ్లాసునకు చిటికెడు చొప్పున వాడరాదు. కలిపిన నీరు ఒక్క దినమునకే పనికివచ్చును. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండును తలగొట్టిన కొలతగా వేయవలెను. బడియీడు పిల్లలకు విరేచనమైనప్పుడెల్ల గ్లాసులో సగమునుండి పూర్తిగ్లాసు వరకును, రెండేండ్లలోపు వారికి పావునుండి అరగ్లాసు వరకును ఇయ్యవలెను. వాంతియైనచో పదినిమిషములు ఆగి, చెంచాతో మెల్లగా పట్టవలెను. అంగళ్లలో రంగుపెట్టెలలో అమ్ము తీపి పానీయములు దీనికి బదులు కావు. జింకు మాత్రలు ఏ.ఎన్.ఎం. ఇత్తురు, విరేచనములు ఆగినను పదునాలుగు దినములు వేయవలెను. కన్నులు లోతుకుపోయినను, బిడ్డ మగతగా పడియున్నను, త్రాగలేకపోయినను, మలమున రక్తము కనబడినను ఇంటనుంచక ఆసుపత్రికి చేర్పవలెను.

మధ్యాహ్న భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుట, వంటచేయు అమ్మకు విరేచనములైన దినమున వేరొకరు వండుట అందరును ఎరిగినవే. అయితే ఒక మాట. ఏడాదంతయు ఒక్కదినమైనను మానని పిల్లవానికి బహుమతి యిచ్చు ఆచారము కొన్ని బడులలో కలదు. ఆ బహుమతికై జబ్బుతోనే వచ్చి కూర్చున్న పిల్లలను మేమెరుగుదుము. విరేచనములు కట్టిన పిమ్మటను రెండు దినములు ఇంటనుండుట మంచిది. ఆ దినములను బహుమతి లెక్కలో తప్పుగా పట్టరాదు.

శ్రావణమునకు బావిలో నీరు పైకి వచ్చును. నాలుగు మీటరుల లోతు ఆరగును. అప్పుడు నీరు 18,840 లీటరులు, పొడి 47 గ్రాములు. త్రాటికి రాయికట్టి పిల్లలు మరల కొలువవలసియుండును.