భిన్నం ఎక్కడ నిలబడుతుంది?

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే మనకూ బడి మారుతుంది. పుస్తకాలు అవే, యూనిఫాం అదే. అయినా కొత్త తరగతిలో అడుగు పెట్టేసరికి ఒక్కోసారి ఒక పాఠం అప్పటికే అయిపోయి ఉంటుంది. పాత బడిలో అది ఇంకా మొదలై ఉండదు. అలా రెండు బళ్ల మధ్య జారిపోయిన పాఠం భిన్నాలైతే ఇబ్బంది ఎక్కువ. దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు, బీజగణితం అన్నీ ఆ పునాది మీదే లేస్తాయి మరి.

ఊరితో పాటు మాటలూ మారతాయి. 3/4లో పైనున్న అంకెను తెలుగులో లవం అంటాం, కిందిదాన్ని హారం అంటాం. హిందీలో అవి అంశ్, హర్. కన్నడంలో అంశ, ఛేద. తమిళంలో తొగుది, పగుది. బెంగాలీలో లొబ్, హొర్. అంటే మన లవం, హారం బెంగాల్లోనూ చుట్టాలే! తరగతిలో మాత్రం అందరం న్యూమరేటర్, డినామినేటర్ అంటాం. పేర్లు ఎన్ని మారినా 3/4 మాత్రం ఎక్కడికి వెళ్లినా 3/4గానే ఉంటుంది. దాన్ని నోటితో చెప్పడం రాకపోయినా కాళ్లతో చూపించవచ్చు. అందుకే భిన్నాలకు ఆటలు బాగా పనికొస్తాయి.

మేము ఏడో తరగతి పిల్లలం. ఆటల పీరియడ్‌లో చిన్న తరగతుల తమ్ముళ్లు, చెల్లెళ్లతో ఆడే నాలుగు ఆటలను ఇక్కడ రాస్తున్నాం. మీ బడిలోనూ ఆడి చూడండి.

చిక్కు ఎక్కడుంది?

భిన్నాన్ని చూడగానే మన కంటికి రెండు అంకెలు కనిపిస్తాయి. 4 కంటే 8 పెద్దది కాబట్టి 1/4 కంటే 1/8 పెద్దదేమో అనిపిస్తుంది. 1/2, 1/3 కలపమంటే పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపి 2/5 అని రాసేయాలనిపిస్తుంది. నిజానికి భిన్నం రెండు సంఖ్యలు కాదు, ఒకే సంఖ్య. 5కి, 7కి సంఖ్యారేఖ మీద చోటు ఉన్నట్టే 3/4కీ ఒక చోటు ఉంది. ఆ చోటు తెలిస్తే సగం భయం పోతుంది.

అసలు భిన్నాలు మనకు కొత్తవి కావు. అర, పావు, ముప్పావు, అరపావు అన్నీ ఇంట్లో వినే మాటలే. వీసం అంటే పదహారో వంతు. రూపాయికి 16 అణాలు ఉన్న రోజుల్లో 4 అణాలు పావలా, 8 అణాలు అర్ధరూపాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసల లెక్క వచ్చింది. అణాలు పోయినా ‘పదహారణాల తెలుగు’ అనే మాట నిలిచింది. పదహారుకు పదహారు, అంటే 16/16. ఏ లోటూ లేని నిండైన ఒకటి అన్నమాట.

మొదటి ఆట: వంతు పరుగు

దీనికి 24 మంది కావాలి. ఒకరు నాయకులు. మిగతా లెక్కలో వాళ్లు చేరరు. నాయకులు “మూడో వంతు వేపచెట్టు దగ్గరికి!” అని కేక వేస్తారు. వెంటనే అందరూ మూడు సమానమైన వరసలుగా నిలబడాలి. ఒక్కో వరసలో 8 మంది వస్తారు. ఒక వరస పరిగెత్తితే 1/3, రెండు వరసలు పరిగెత్తితే 2/3. ఎన్ని వరసలు చేశామో హారం చెబుతుంది. వాటిలో ఎన్ని వరసలు పరిగెత్తాయో లవం చెబుతుంది.

ఇప్పుడు “ఎనిమిదో వంతు!” అని పిలవండి. ఎనిమిది వరసలు అవుతాయి. పరిగెత్తేది ముగ్గురే. మూడో వంతంటే ఎనిమిది మంది కదిలారు, ఎనిమిదో వంతంటే ముగ్గురే కదిలారు. హారం పెరిగేకొద్దీ ఒక్కో వంతు ఎందుకు చిన్నదవుతుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఒక మెలిక కూడా పెట్టవచ్చు. తరగతిలో 40 మంది, నాలుగు హౌసులు ఉన్నాయనుకుందాం. ఒక్కో హౌసు తరగతిలో 1/4 అవుతుందా? ఒక్కోదానిలో పదేసి మంది ఉంటే అవుతుంది. ఒక హౌసులో 12 మంది ఉంటే అది 12/40, అంటే 3/10. నాలుగు ముక్కలు చేసినంత మాత్రాన పావు రాదు. నాలుగూ సమానంగా ఉండాలి.

రెండో ఆట: గీత మీద నడక

మైదానంలో సున్నంతో ఆరు మీటర్ల గీత గీయండి. ఒక చివర 0, మరో చివర 1. అర మీటరుకో గుర్తు పెడితే గీత 12 సమాన భాగాలవుతుంది. పన్నెండే ఎందుకంటే అది 2, 3, 4, 6లతో శేషం లేకుండా భాగించబడుతుంది. అట్టముక్కల మీద 1/2, 1/3, 1/4, 2/3, 3/4, 2/4, 3/6, 5/6 రాసి తలా ఒకటి ఇవ్వండి. ఈల వేయగానే ఎవరి చోటుకి వాళ్లు వెళ్లాలి.

1/4 వాళ్లు మూడో గుర్తు దగ్గర, 1/3 వాళ్లు నాలుగో గుర్తు దగ్గర ఆగుతారు. 2/3 ఎనిమిదో గుర్తు, 3/4 తొమ్మిదో గుర్తు. ఏది పెద్దదో అడగక్కర్లేదు, ఎవరు ముందున్నారో చూస్తే చాలు. ఆరో గుర్తు దగ్గర మాత్రం తోపులాట మొదలవుతుంది. 1/2, 2/4, 3/6 ముగ్గురూ అక్కడికే వస్తారు. చీటీలు మూడు, చోటు ఒకటే. సమాన భిన్నాలంటే ఇవే.

ఇప్పుడు కూడికకు వద్దాం. సున్నా నుంచి 1/2 నడవండి, ఆరో గుర్తుకు వస్తారు. అక్కడి నుంచి ఇంకో 1/3, అంటే నాలుగు గుర్తులు ముందుకు వెళ్లండి. పదో గుర్తు దగ్గర ఆగుతారు. అది 10/12, అంటే 5/6. మరి ముందు చెప్పుకున్న 2/5 ఎక్కడుంటుంది? పన్నెండులో 2/5 అంటే 4.8, ఐదో గుర్తు కూడా దాటదు. సగం దగ్గర బయలుదేరి ముందుకు నడిచినవాళ్లు సగానికి వెనక ఎలా తేలతారు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఆ తప్పు మళ్లీ రాదు.

తీసివేతకు వెనక్కి నడవాలి. భాగహారమూ ఆడవచ్చు. ఒక్కో అంగకు 1/4 చొప్పున, అంటే మూడేసి గుర్తులు గెంతుతూ 1/2 చేరాలంటే ఎన్ని గెంతులు? రెండు. అందుకే 1/2 ÷ 1/4 = 2. భాగిస్తే జవాబు పెద్దదైందేమిటని ఇక ఆశ్చర్యపోనక్కర్లేదు.

మూడో ఆట: కబడ్డీ గీతలు

బాలికల కబడ్డీ కోర్టు పొడవు 12 మీటర్లు. మధ్య గీత నుంచి చివరి గీత వరకు 6 మీటర్లు. మధ్య గీతకు 3 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి ఒక మీటరు అవతల బోనస్ లైన్ ఉంటాయి. మధ్య గీతను 0 అనీ చివరి గీతను 1 అనీ అనుకోండి. కూతకు వెళ్లినవారు బాక్ లైన్ తొక్కితే “అర!” అనాలి. బోనస్ లైన్ దాకా వెళ్తే 4/6, అంటే “రెండు బై మూడు!” అనాలి. తప్పు చెబితే అవుట్.

కాసేపయ్యాక నియమం మార్చండి. ఇప్పుడు కోర్టు మొత్తం పొడవు 12 మీటర్లే ‘ఒకటి’. మధ్య గీత నుంచి బాక్ లైన్ వరకు ఉన్న దూరం 3/12, అంటే పావు. బోనస్ లైన్ వరకు 4/12, అంటే మూడో వంతు. గీత కదల్లేదు, నడిచిన దూరమూ మారలేదు. మారింది ‘ఒకటి’ మాత్రమే. అందుకే ఎవరైనా ‘సగం’ అనగానే ‘దేనిలో సగం?’ అని అడగాలి. చిన్న రొట్టెలో సగం, పెద్ద రొట్టెలో సగం ఒకటి కావు కదా!

నాలుగో ఆట: చుట్ల లెక్క

పెద్ద మైదానాల్లో పరుగు ట్రాక్ ఒక చుట్టు 400 మీటర్లు. 4×100 రిలేలో ఒక్కొక్కరు పావు చుట్టు పరిగెత్తుతారు. 200 మీటర్ల పందెం అర చుట్టు. మరి 1500 మీటర్లు? మూడు చుట్లకు 1200 అవుతుంది, ఇంకా 300 మిగులుతుంది. అంటే మూడుంముప్పావు చుట్లు. దీన్నే పావు చుట్లలో లెక్కిస్తే 15/4. భిన్నం ఒకటి దాటి కూడా వెళ్తుందని ఈ ఆట చెబుతుంది. మీ మైదానం చిన్నదైతే ముందు దాని చుట్టు కొలవండి. 200 మీటర్ల చుట్టులో 100 మీటర్లు పావు కాదు, సగం.

ఆడాక ఏం చేయాలి?

ఆట అయిన వెంటనే నోటుపుస్తకం తీయాలి. ముందు నడిచిన గీత బొమ్మ వేయాలి, తర్వాత దాని కింద లెక్క రాయాలి. నడక, బొమ్మ, రాత ఈ వరసలోనే సాగాలి. రాయకుండా వదిలేస్తే ఆట గుర్తుంటుంది, భిన్నం మరిచిపోతాం. కాలు బెణికినవాళ్లు, పరిగెత్తలేనివాళ్లు చీటీలు పంచవచ్చు, ఎవరు సరైన చోట నిలబడ్డారో తీర్పు చెప్పవచ్చు. ఆ పనికి లెక్క అందరికంటే బాగా రావాలి.

మీ తరగతికి కొత్తగా ఎవరైనా వస్తే మొదటి చీటీ వాళ్లకే ఇవ్వండి. మన భాష ఇంకా రాకపోయినా 3/4 దగ్గరికి నడిచి నిలబడగలరు. తర్వాత వాళ్ల భాషలో ఆ భిన్నాన్ని ఏమంటారో అడిగి అందరూ కలిసి పలకండి. హిందీవాళ్ల ‘సవా’ మన ఒకటింబావు, ‘డేఢ్’ మన ఒకటిన్నర, ‘ఢాయీ’ మన రెండున్నర.

భిన్నమూ మనలాగే ఊళ్లు మారుతూ వచ్చింది. మన దేశంలో పూర్వం ఒక అంకె కింద మరో అంకె రాసేవారు, మధ్యలో గీత ఉండేది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో భిన్నాల లెక్కలకు సూత్రాలున్నాయి. తర్వాత ఈ పద్ధతి అరబ్బుల దగ్గరికి చేరింది. మధ్యలో గీత గీసింది అరబ్బు గణితజ్ఞులే. ఆ గీతతో అది ఐరోపాకు వెళ్లి, మళ్లీ మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఇన్ని చోట్లు తిరిగినా దాని విలువ వీసమెత్తు కూడా తగ్గలేదు.

మీరే చేయండి

1. 24 మందిలో 5/6 వంతు పరిగెత్తితే ఎంతమంది మిగులుతారు?
2. గీత మీద 2/3 దగ్గర ఉన్నవారు 1/4 వెనక్కి నడిస్తే ఎక్కడుంటారు?
3. 1/3 + 1/4 సగం కంటే ఎక్కువా, తక్కువా? నడిచి చూడండి.
4. 400 మీటర్ల ట్రాక్ మీద 1000 మీటర్లంటే ఎన్ని చుట్లు?

జవాబులు: 1) నలుగురు. 2) 5/12 దగ్గర. 3) ఏడో గుర్తు, అంటే 7/12, సగం కంటే ఒక గుర్తు ఎక్కువ. 4) రెండున్నర.