మంచం పట్టిన పెద్దలు, చూసుకునే ఇంటివాళ్లు: ఇద్దరికీ అండగా ఉండే ఉద్యోగం

పట్టిసీమ అంటే గోదావరి నడుమ వీరభద్రస్వామి కొండ, శివరాత్రి తిరునాళ్లు, ఎత్తిపోతల పథకం గుర్తొస్తాయి. ఆ ఊళ్లోనూ, చుట్టుపక్కల గూటాల, పోలవరం, తాళ్లపూడి ఇళ్లలోనూ ఏటేటా పెరుగుతున్న పని మరొకటి ఉంది. పిల్లలు హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉంటారు. ఇంట్లో డెబ్బై దాటిన తల్లిదండ్రులు. వాళ్ల మందులు, స్నానం, రాత్రి లేపడం అంతా ఒక్క కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. ఆ ఇంటికి తోడుగా నిలిచే పనినే జీతం తెచ్చే వృత్తిగా మలుచుకోవచ్చని నర్సింగ్, ఫిజియోథెరపీ, సోషల్ వర్క్ చదివేవాళ్లకు, ఇంటర్‌తో ఆగినవాళ్లకు గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువాళ్లే అవుతారని అంచనా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో తల్లికి సగటున 1.7 మంది పిల్లలు. పెద్దల్ని చూసే చేతులు తగ్గిపోతున్నాయి, చూడాల్సినవాళ్లు పెరుగుతున్నారు.

ఇంతకీ ఈ పనిలో నేర్చుకోవాల్సిందేమిటి? బీపీ, సుగర్ చూడటంతో సరిపోదు. పడిపోయే ప్రమాదం, మతిమరుపు, బరువు తగ్గడం, చూపు, వినికిడి, దిగులు, ఇవన్నీ కలిపి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి ‘ఐకోప్’ పేరుతో చెబుతోంది. పద్ధతులు తేలిక. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 14 సెకన్లు దాటితే కాళ్లలో పట్టు తగ్గిందేమో ఆరా తీయాలి. జ్ఞాపకశక్తి చూడటానికి మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడగండి. ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య వివరాల పత్రంలోనూ అరవై దాటినవాళ్లకు ప్రత్యేక ప్రశ్నలున్నాయి: నడుస్తుంటే తూలుతున్నారా, తినడానికో స్నానానికో మరొకరి సాయం కావాలా, ఇంటివాళ్ల పేర్లు మరిచిపోతున్నారా అని.

మిగతాది ఇల్లే చెబుతుంది. మరుగుదొడ్డి పెరట్లో ఉందా, దారిలో రాత్రిపూట దీపం ఉందా? అన్నం తినకుండానే సుగర్ మాత్ర వేసేస్తున్నారా? వరదల కాలమైతే, నీళ్లొచ్చినప్పుడు ముందుగా ఎవరిని కదిలించాలి, ఇన్సులిన్ ఎక్కడ ఉంచాలి అన్నది జూన్‌లోనే రాసి గ్రామ సచివాలయంలో ఇవ్వాలి. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని ఈ సంగతులు గోదావరి ఒడ్డున పెరిగిన మీకే తెలుస్తాయి.

మతిమరుపు విషయంలో మాత్రం తొందరపడొద్దు. బడికి వెళ్లని తాతయ్యను లెక్కలు, రాతలు అడిగి ‘డిమెన్షియా’ అనేస్తే అన్యాయం. చదువే కాదు, మాట్లాడే భాషలూ లెక్కలోకి వస్తాయి. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందనీ, చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించిందనీ తేల్చింది. అందుకే జ్ఞాపకశక్తి పరీక్షలు మన భాషకు, మన జీవితానికి సరిపోయేలా ఉండాలన్నది ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మనసులో పెట్టుకోవాలి. బీ12 లోపం, థైరాయిడ్, దిగులు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. మీ పని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపడం, జబ్బు పేరు తేల్చడం కాదు.

ఇక చూసుకునే మనిషి. నా దృష్టిలో ఈ వృత్తికి ప్రాణం ఇక్కడే ఉంది. ఆమె మీద పడిన భారాన్ని అంచనా వేయడానికి ‘జారిట్’ ప్రశ్నావళి అని 22 ప్రశ్నలున్నాయి. కానీ అత్తగారి మంచం పక్కన కాగితం తీసి అడిగితే ఎవరైనా ‘బాగానే ఉందండీ’ అనే అంటారు. మిమ్మల్ని సాగనంపడానికి వీధి గుమ్మం దాకా వచ్చినప్పుడు అడగండి: ‘రాత్రి నిద్ర పడుతోందా అమ్మా? నడుం నొప్పి ఎన్నాళ్లుగా?’ అప్పుడు మాట్లాడుతుంది. మనిషిని ఎత్తకుండా దుప్పటితో పక్కకు జరపడం, రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, కూర్చోబెట్టే తినిపించడం దగ్గరుండి నేర్పండి. వారానికి ఒక పూట మరదలో ఆడపడుచో వచ్చేలా ఇంటిపెద్దతో మాట్లాడండి. పక్షవాతం వంటి వాటితో మంచానికే పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు 15,000 రూపాయల పింఛను, 70 దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ కార్డు, 14567 వృద్ధుల హెల్ప్‌లైన్ ఉన్నాయని చెప్పడమూ మీ పనే.

దారులు చాలానే ఉన్నాయి. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఉద్యోగాలకు పోటీ పడొచ్చు. ఫిజియోథెరపీ చదివితే పక్షవాతం, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇంటికి వెళ్లే పని దొరుకుతుంది. రాజానగరం జీఎస్ఎల్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీ రెండూ ఉన్నాయి. కుటుంబంతో మాట్లాడే నేర్పు ఉన్నవాళ్లకు సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) మంచిది. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ వృద్ధుల సంరక్షణలో కోర్సులు నడుపుతుంది. ఎక్కువ ఏళ్లు చదవలేనివాళ్లకు హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ రూపొందించిన హోమ్ హెల్త్ ఎయిడ్ వంటి స్వల్పకాలిక శిక్షణలున్నాయి.

కువైట్‌లోనో మస్కట్‌లోనో ముసలివాళ్లను చూసి తిరిగొచ్చిన అక్కలు, పిన్నులు ఉభయ గోదావరి జిల్లాల్లో ఎంతమందో! చేతిలో పనితనం ఉంది, సర్టిఫికెట్ లేదు, అంతే. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ‘ఆర్‌పీఎల్’ ఏర్పాటు కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. వాళ్లు తప్పకుండా వాకబు చేయాలి.

విదేశాలకు వెళ్లాలనుకుంటే జపాన్‌ను గమనించండి. సంరక్షణ పనికి 2019లో ప్రత్యేక వీసా తెచ్చింది, 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం చేసుకుంది. భాష పరీక్ష నెగ్గాల్సిందే. గల్ఫ్ అయినా జపాన్ అయినా ఊరి ఏజెంటు మాట మీద డబ్బు కట్టకండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లో ముందు కనుక్కోండి. ఇక్కడే హోమ్ కేర్ ఏజెన్సీలో చేరుతున్నా పని గంటలు, వారానికి సెలవు, రాత్రి డ్యూటీకి ఎంత, వంట-అంట్ల పని ఉంటుందా లేదా అన్నవి కాగితం మీద రాయించుకున్నాకే మొదటిరోజు డ్యూటీకి వెళ్లండి.