పెరటిలో కూరమిరప: ఏ రకం నాటాలి?

కూరగాయల కొట్లో బుంగల్లా, నిగనిగలాడుతూ కనిపించే లావుపాటి మిరపకాయలను మీరు చూసే ఉంటారు. వ్యవసాయ పుస్తకాలు వీటిని కూరమిరప అంటాయి. ఇళ్ళలో మనం బెంగుళూరు మిరప అనో, కాప్సికం అనో అంటాం. మన పచ్చిమిరపా, ఇదీ ఒకే జాతివి. రెండింటి శాస్త్రీయ నామమూ కాప్సికం ఏన్యువమ్. అయినా ఒకటి నోరు మండిస్తుంది, రెండోది మండించదు. దీన్ని పెరట్లోనో, డాబామీద కుండీల్లోనో పెంచాలని ఉందా? విత్తనాలు కొనబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఏ రంగు కాయ కావాలి?

ఆకుపచ్చ అన్నది రకం పేరు కాదు, కాయ వయస్సు. లేత కాయలో పత్రహరితం ఉంటుంది. కాయ పండేకొద్దీ అది విచ్ఛిన్నమై, కెరోటినాయిడ్లు అనే వర్ణద్రవ్యాలు బయటపడతాయి. కాప్సాంథిన్ అనే ఎర్రని పదార్థాన్ని తయారుచేయగల రకం ఎర్రగా పండుతుంది. ఆ శక్తి లేని రకం పసుపు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి రకాన్ని ఎంచుకోవడమంటే పండు రంగును ఎంచుకోవడమే. పాత అమెరికా రకమైన కాలిఫోర్నియా వండర్ ఎర్రగా పండుతుంది. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క మోహిని కూడా అంతే. అదే సంస్థవారి అర్క గౌరవ్ నారింజ-పసుపు రంగుకు తిరుగుతుంది. అర్క బసంత్ కాయ లేతగా ఉన్నప్పుడే మీగడ రంగులో ఉండి, పండితే నారింజ-ఎరుపు అవుతుంది.

2. మన ఎండకు తట్టుకుంటుందా?

కూరమిరప చల్లదనాన్ని కోరే మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 16 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే పిందె బాగా పడుతుంది. పగలు 32 డిగ్రీలు దాటితే పుప్పొడి బలహీనపడి పూత రాలిపోతుంది. అందుకే మన మైదాన ప్రాంతాల్లో ఆగస్టు చివరనో, సెప్టెంబరులోనో నారు పోయాలి. అయిదారు వారాల నారును అడుగున్నర ఎడంలో నాటితే చలికాలంలో పూత, కాపు వస్తాయి. మరీ పెద్ద కాయల రకాలకంటే మధ్యరకం కాయలు కాసేవి వేడిని కాస్త ఎక్కువగా ఓర్చుకుంటాయి.

3. వచ్చే ఏటికి విత్తనం దాచుకుంటారా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పొట్లం మీద 'సంకర రకం' అనో, 'ఎఫ్-1' అనో ఉంటే, ఆ విత్తనం రెండు వేరువేరు తల్లిదండ్రుల కలయికవల్ల పుట్టిందన్నమాట. ఆ ఏడు మొక్కలన్నీ ఒకే తీరుగా, బలంగా పెరుగుతాయి. కాని వాటి గింజల్ని దాచి నాటితే మరుసటి తరంలో లక్షణాలు విడిపోతాయి: ఒక మొక్కకు పొడుగు కాయ, ఇంకొకదానికి పొట్టి కాయ. కొట్లో కొన్న కాయలోని గింజలు నాటి నిరాశపడేవారి చిక్కు తరచు ఇదే. పైగా పచ్చికాయలోని గింజలు ముదరకపోవడంవల్ల సరిగా మొలకెత్తవు. కాలిఫోర్నియా వండర్, అర్క రకాలవంటి సూటి రకాల గింజలు మాత్రం తల్లిని పోలిన మొక్కలనే ఇస్తాయి. అయితే ఒక షరతు ఉంది.

పక్కనున్న పచ్చిమిరప ఏం చేస్తుంది?

పచ్చిమిరప పక్కన నాటితే కూరమిరప కాయ కారమెక్కుతుందని కొందరంటారు. అది నిజం కాదు. కాయ గోడ, గింజలు అంటుకొని ఉండే తెల్లని భాగం తల్లిమొక్క అండాశయంనుంచే ఏర్పడతాయి. కారాన్నిచ్చే కాప్సైసిన్ తయారయ్యేది ముఖ్యంగా ఆ తెల్లని భాగంలోనే. తేనెటీగ తెచ్చిన పరాయి పుప్పొడి ప్రభావమంతా లోపలి గింజమీదే. అందుచేత ఈ ఏడు కాయ కమ్మగానే ఉంటుంది.

అసలు మార్పు మరుసటి ఏడు కనిపిస్తుంది. కారం బహిర్గత లక్షణం, కారం లేకపోవడం అంతర్గత లక్షణం. ఇందుకు కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2005లో గుర్తించారు. కూరమిరపలో అది పనిచేయని స్థితిలో ఉంటుంది. పచ్చిమిరప పుప్పొడితో ఏర్పడిన గింజలో పనిచేసే జన్యువు ఒక్కటి చేరినా చాలు, ఆ మొక్క కాయలు కారంగా ఉంటాయి. ఆ మొక్కలో ఆత్మపరాగసంపర్కం జరిపి, వచ్చిన గింజల్ని నాటితే, సుమారు ప్రతి నాలుగింటిలో మూడు కారం మొక్కలు, ఒకటి కమ్మని మొక్క వస్తాయి. మెండెల్ బఠానీలలో చూసిన 3:1 నిష్పత్తి మీ పెరట్లోనే!

చేసి చూడండి

ఒక సూటి రకం మొక్కకు విచ్చుకోని నాలుగు మొగ్గలను ఎంచుకొని, పలుచని గుడ్డసంచులు తొడిగి కట్టండి. పూలు విచ్చాక రోజూ ఉదయం కొమ్మను మెల్లగా తట్టండి. పువ్వు పుప్పొడి దాని కీలాగ్రం మీదే పడుతుంది. పిందె కనిపించగానే సంచి తీసి, కాడకు ఎర్రదారం కట్టండి. కాయ పూర్తిగా పండాక గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, తేదీ రాసి సీసాలో దాచండి. సంచి కట్టని కాయల గింజల్ని వేరే సీసాలో ఉంచండి. మరుసటి ఏడు రెండింటినీ విడివిడిగా నాటి, ఏ మొక్కకు ఎలాంటి కాయ కాసిందో పుస్తకంలో రాయండి. రుచి చూసేటప్పుడు చిన్న ముక్కను నాలుక కొసకు తాకిస్తే చాలు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకండి.

ఆలోచించండి

1. పచ్చిమిరప పువ్వుమీద కూరమిరప పుప్పొడి పడితే, ఈ ఏటి కాయ రుచి ఎలా ఉంటుంది? ఎందుకు?
2. ఒకే మొక్కమీద ఆకుపచ్చ కాయ, ఎర్రని కాయ ఉన్నాయి. అవి రెండు రకాలని మీ మిత్రుడంటే ఏమని జవాబిస్తారు?