పాత రైలుబండి – ఛాయాచిత్రము

గుంటూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గము మార్కాపురము, కంభము, గిద్దలూరుల మీదుగా సాగి, దిగువమెట్ట దాటిన పిమ్మట నల్లమల అడవిలో ప్రవేశించును. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆంగ్లేయుల పాలనలో నిర్మింపబడిన ఈ మార్గమున పట్టాల నడిమి వెడల్పు ఒక మీటరు మాత్రమే. 1990వ దశకములో దానిని 1676 మిల్లీమీటర్లకు పెంచిరి. అప్పుడు గాజులపల్లి, దిగువమెట్టల నడుమ లోయపై నున్న ఎత్తైన దొరబావి వంతెనను విడిచి, వేరొక దారిన పట్టాలు వేసిరి.

ఆ వంతెనపై నడచిన చిన్నబండ్లు ఈ మార్గమున నేడు లేవు. పెద్దపట్టాలపై ప్రయాణికుల బండ్లను లాగిన డీజిలు ఇంజనులును, మార్గము విద్యుదీకరింపబడిన పిదప తగ్గిపోయినవి. బ్రిటనులో 1950వ దశకమునాటి డీజిలు బండ్లను కొందరు ఔత్సాహికులు నేటికిని పదిలపరచి నడుపుచున్నారు. అట్టి వసతి లేనిచోట ఛాయాచిత్రమే శరణ్యము.

చిత్రము తీయువాడు మొదట సూర్యుని గమనింపవలెను. ఈ మార్గము ఇంచుమించు తూర్పుపడమరలుగా నున్నది. కావున ఉదయమున గుంటూరువైపు పోవు బండి ముఖముపైనను, సాయంకాలమున గుంతకల్లువైపు పోవు బండి ముఖముపైనను ఎండ పడును. మార్గము వంపు తిరిగినచోట ఇంజనుతోపాటు పెట్టెలన్నియు కనబడును. కాని పట్టాలపై నిలుచుట ప్రాణాపాయము, నేరము కూడ. రైల్వే హద్దు వెలుపలనే నిలువవలెను.

తీసిన చిత్రమునకు తేది, స్థలము, బండి పేరు వ్రాసి యుంచవలెను. వివరములు లేని చిత్రము కొన్నియేండ్లకు మూగదగును.

మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకపై అక్షరమును తడిగుడ్డ తుడిచివేయునట్లు, కాలము పాతవస్తువులను తుడిచివేయును. చెరుగకముందే వానిని పదిలపరచువాడు రాబోవు తరములవారికి మేలు చేసినవాడగును.