తొలి మంచు పడకముందే

వరంగల్,
అక్టోబర్ మొదటి వారం

చిరంజీవి బిడ్డకు,

సద్దుల బతుకమ్మను నీ పెరటి బంతిపూలతోనే పేర్చినవని ఫొటోల్లో చూసి మురిసిపోయిన. ఇక పెరటి సంగతి చూడు. న్యూజెర్సీలో ఈ నెల సగం దాటినంక ఏ రాత్రయినా ఫ్రాస్ట్ పడొచ్చు. ఇక్కడ చలికాలంలోనే చపాటా మిరప ఎర్రబడి ఎనుమాముల మార్కెట్‌కు పోతది. అక్కడి చలికి మాత్రం మిరపచెట్టు ఒక్క రాత్రిలో ఉడికిన ఆకుకూర లెక్క వాలిపోతది.

అన్నిటినీ బతికించాలని చూడకు. లోపలికి తేవాల్సినవి, తవ్వి దాయాల్సినవి, కోసేసుకోవాల్సినవి, చలి కావాల్సినవి అని ముందే వేరుచేసుకో.

రాత్రి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగుతదంటే కరివేపాకు, మల్లె, తులసి కుండీలు లోపలికి తెచ్చెయ్. ముందు ఆకుల అడుగున పురుగు ఉన్నదేమో చూసి, వేపనూనె కొట్టు. దక్షిణపు కిటికీ దగ్గర, హీటర్ గాలి తగలకుండా పెట్టు. కరివేప సగం ఆకు రాల్చినా భయపడి నీళ్లు గుమ్మరించకు, వేరు కుళ్లుతది. పైమట్టి ఆరినంకనే పొయ్యి. మార్చి నెల దాకా ఎరువు వద్దు. చచ్చిపోతే పెద్దమ్మ కొత్త మొక్క తెస్తదిలే అనుకునేవు! కరివేపది నిమ్మ, నారింజల కుటుంబం. వాటికి తెగులు అంటించే పురుగు దీని మీద కూడా బతుకుతది. అందుకే ఇక్కడినుంచి మొక్కనే కాదు, పచ్చి ఆకును కూడా అమెరికా రానియ్యదు.

డాలియా, మెట్టతామర ఆకులు ఫ్రాస్ట్‌కు నల్లబడినంక తవ్వు. కాడ నాలుగు అంగుళాలు ఉంచి కోసి, దుంపకు గాయం కాకుండా ఎత్తి, నీడలో ఆరబెట్టు. రంపపుపొట్టు పోసిన అట్టపెట్టెలో, 40-50 డిగ్రీలుండే బేస్‌మెంట్ మూలకు పెట్టు. నెలకోసారి చూసి, మెత్తబడ్డది పారెయ్. పసుపుకు మాత్రం ఫ్రాస్ట్ దాకా ఆగకు. మన దగ్గర జూన్‌లో పెట్టి జనవరి దాటినంక తవ్వుతరు. నీకంత కాలం దొరకదు కాబట్టి సన్న కొమ్ములైనా తీసి, విత్తనానికి కొన్ని ఇంట్లో వెచ్చగా దాచుకో.

పుంటికూర, టమాటా, బీర నిలవవు. ఫ్రాస్ట్ వార్నింగ్ రాగానే మొత్తం కోసెయ్. పచ్చి టమాటాలు తొక్కుకు పనికొస్తయి. బంతి విత్తనం ఎండబెట్టి కాగితం పొట్లంలో కట్టు. మిరప ఒక్కటి కొమ్మలు కత్తిరించి కుండీలోకి మార్చు. చలి తగలకుంటే అది ఏళ్లకేళ్లు బతుకుతది.

ఇంకా కాపున్న మొక్కలకు ఒకటి రెండు రాత్రులు దుప్పటి ఆసరా అయితది. నేల వెచ్చదనం లోపల ఆగేటట్టు అంచులు నేలకు ఆనాలె. పొద్దున ఎండ రాగానే తియ్యి. ప్లాస్టిక్ మాత్రం ఆకుకు తగలనియ్యకు. మబ్బూ గాలీ లేని రాత్రి ఫోన్‌లో 36 చూపినా, నేల దగ్గర 32 ఉండొచ్చు.

తులిప్, డాఫోడిల్ గడ్డలకూ వెల్లుల్లి రెబ్బలకూ ఈ చలే బలం. గడ్డ ఎత్తుకు మూడింతల లోతున, మొన పైకి పెట్టి నాటు. మూడు నెలల చలి తినకపోతే తులిప్ సరిగా పూయదు. వెల్లుల్లి వచ్చే జూలైకి చేతికొస్తది.

అన్నీ ఒక్కనాడే ముందటేసుకోకు. ఈ శనివారం కుండీలు, వచ్చే శనివారం పసుపు. పుంటికూర పచ్చడికి ఎండుమిర్చి ఎంత పడుతదో ఫోన్‌లో చెప్త.

మీ పెద్దమ్మ